కారణం అనే గడి

మార్చి నెలాఖరు. ఆఫీసు నుంచి ఫారం వచ్చింది.
ఆట మానేసిన పిల్లల పేర్లు, తరగతి,
చివర్లో వేలెడంత గడి: కారణం.
పంతొమ్మిదేళ్ళుగా ఆ గడిలో నేను రాసేది రెండే ముక్కలు,
ఆసక్తి లేదు.
మొదటి పేరుకి రాసి
మిగతావాటికి కింద చుక్కలు పెట్టుకుంటూ పోయేదాన్ని.

ఈసారి పెన్ను ఆగింది.

ఎస్తేరుకి ఆసక్తి లేదా?
పోలు పట్టుకుని వొంగి తిరిగితే
ఆ పిల్ల వేళ్ళు నేలను గీసేవి.
మిర్చి సీజన్లో వాళ్ళమ్మతో కలిసి
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసి
తెల్లారి గ్రౌండుకొచ్చేది, ఆ చేతుల్తోనే.
ఆమె ఖో ఇస్తే చెమట వీపులు భగ్గుమనేవి.
"మేడం, ఇది కారం ఖో!" అని పిల్లలు గంతులేసేవాళ్ళు.
ఎస్తేరు కూడా నవ్వేది,
నీళ్ళొచ్చిన కళ్ళు తుడుచుకోకుండా.
తొడిమలకి కిలోకి ఇంత అని లెక్కుంది.
పోలుకి ఏ లెక్కా లేదు.
ఫిబ్రవరిలో ఒకరోజు రాలేదు. తర్వాత ఇక రాలేదు.

నస్రీన్ జిల్లా మెడల్ని
మార్కుల లిస్టుతో పాటు సంచిలో పెట్టి
బెజవాడ తీసుకెళ్ళారు.
గూడవల్లి దగ్గర అయిదంతస్తుల కాలేజీ,
గ్రౌండు ఉండాల్సిన చోట పసుపు బస్సులు.
ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను.
ఖోఖోలో ఒకమ్మాయి తూర్పుకి చూస్తే
పక్కమ్మాయి పడమటికి చూస్తూ కూర్చుంటుంది.
అక్కడ అరవై తలలూ ఒకే గోడ వైపు.
"ఎలా ఉన్నావే?"
"మోకాళ్ళు నొప్పులు మేడం, కూర్చుని కూర్చుని."

యోగిత మాత్రం ఇంకా ఆడుతోంది. ఖోఖో కాదు, షటిల్.
నిజం చెప్పాలంటే
అందరిలోకీ మెల్లగా పరిగెత్తేది ఆ పిల్లే.
వాళ్ళ నాన్న స్కూటీ గేటు దగ్గరే ఉండేది,
డిక్కీలో ఉడికించిన గుడ్లు, ఇంకో జత బూట్లు.
ఓడిన రోజు పునుగులు కొనిపెట్టేవాడు.
గెలిచిన రోజూ అవే పునుగులు.
అందులో ఏముందో అర్థం కావడానికి
నాకిన్నేళ్ళు పట్టింది.

గ్రౌండు బాత్రూంకి గడియ లేదు.
ఇద్దరిద్దరు వెళ్ళేవాళ్ళు, ఒకరు తలుపు పట్టుకోవడానికి.
ఎనిమిదో తరగతి దాటాక
పట్టుకునేవాళ్ళూ తగ్గిపోయేవాళ్ళు.
గడియ లేని తలుపు
ఈ గడిలో పడుతుందా?

ఇక తిరుపతమ్మ.
ఈ పేరు రాయకుండా ఇంతసేపూ
పక్క పేర్లు రాస్తూ కూర్చున్నాను.
పదమూడేళ్ళు. వేసవి సెలవుల్లో ఒళ్ళు మారింది,
దాన్ని మోయడం ఇంకా అలవాటు కాలేదు.
వాలీబాల్ మగపిల్లలంతా చూస్తుండగా
"ఏం తింటున్నావే, పోలు కూడా తిరగలేకపోతున్నావ్"
అన్నాను.
నవ్వారు. తనూ నవ్వింది, అందరికంటే గట్టిగా.
మర్నాడు కడుపునొప్పి. ఆ వారం జ్వరం.
ఆ పై వారం తన జెర్సీ ఉతికి, మడతపెట్టి
చెల్లెలితో పంపింది. ఏడో నంబరు.
ఆసక్తి లేదు, అని రాసింది నేనే,
నా అందమైన చేతిరాతతో.

ఖోఖో నేర్పేవాళ్ళకి
మొహాలకంటే వీపులే గుర్తుంటాయి.
నిన్న సాయంత్రం లాడ్జి సెంటర్లో
బస్సు కోసం నా ముందు నిలబడ్డ వీపు,
బట్టల షాపు యూనిఫాంలో,
మెడ కింద పుట్టుమచ్చ.
కూర్చున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు లేస్తే ఫౌలు.
వెనకనుంచి చెయ్యి తగలాలి, ఒక్క అక్షరం వినపడాలి.
ఆ రూలు తనకి నేర్పిందీ నేనే.

చెయ్యెత్తాను.
నోరు పెగల్లేదు.
బస్సెక్కి
కిటికీ పక్కన కూర్చుంది,
అటువైపు తిరిగి.